కండక్టర్ గారి జొన్నరొట్టె

అమీర్‌పేటలో సాయంత్రం బ్యాచ్ ముగించుకుని కిందికి దిగేసరికి ఆ మూల ఖాళీగా ఉంది. జొన్నరొట్టెల బండి లేదు, పొయ్యి లేదు, పక్కన ఉండే ప్లాస్టిక్ కుర్చీ లేదు. ఏదో పని పడి ఉంటుందిలే అనుకున్నాను. మూడో రోజు కూడా లేకపోయేసరికి పక్కనే టీకొట్టు నడిపే భాయ్‌ని అడిగాను. ఆయన మరుగుతున్న పాలలోంచి గరిటె తీసి పక్కన పెట్టి, అప్పుడు చెప్పాడు.

"మీకు తెల్వదా సార్? కండక్టర్ సాబ్ పోయిండు. ఆదివారం పొద్దుగాల. గుండె ఆగిపోయిందంట."

అక్కడే హెల్మెట్ చంకలో పెట్టుకుని టీ తాగుతున్న ఒకాయన కల్పించుకున్నాడు. "రోజు జొన్నరొట్టె తినేటాయనకే గిట్లయితే, ఇగ మనం తిని ఏం లాభం భాయ్?"

భాయ్‌కి కోపం వచ్చింది. "డెబ్బై దాటినయ్ ఆయనకు. శనివారం సుత గీడనే నిలబడి అందరికి రొట్టెలు చేసిండు. ఒక్క పూట మంచంల పడలె, ఒక్కరితోని చేయించుకోలె. ఇంకేం లాభం కావాలె నీకు?"

హెల్మెట్ ఆయన గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు. నేను ఆటో ఎక్కకుండా నడుచుకుంటూ పంజగుట్ట దాకా వచ్చేశాను. మా ఇల్లు శ్రీనగర్ కాలనీలో. నడిచినంతసేపూ ఆయనే కళ్ళ ముందు ఉన్నాడు. కూర్చుని కాదు, నిలబడి. ఆయన కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు.

సిటీ బస్సులో ముప్పై ఏళ్ళు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఖాకీ చొక్కాలు పారెయ్యడం ఇష్టం లేక ఉతికి ఉతికి తెల్లబడ్డవే వేసుకునేవాడు. బండి వెనక కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి రొట్టెలు తట్టేవాడు. రోడ్డు మీద ఏ ఆటో అయినా గట్టిగా బ్రేకు వేస్తే చాలు, ఆయన మోకాళ్ళు వాటంతటవే కొంచెం వంగేవి, ఒక చెయ్యి పైన కడ్డీ కోసం వెతికేది. అక్కడ కడ్డీ లేదని గుర్తొచ్చి మళ్ళీ పిండి మీదికి వచ్చేది. "ఒళ్ళు ఇంకా డ్యూటీల్నే ఉన్నది సార్," అనేవాడు.

బండి చుట్టూ జనం గుమిగూడితే అదే పాత కేక. "ఎక్కినోళ్ళు ఎక్కినట్టే ముందటికి జరగాలె! దర్వాజ కాడ నిలబడొద్దు!" అక్కడ దర్వాజా లేదు, బస్సు లేదు. ఉన్నదల్లా కోచింగ్ సెంటర్ల మధ్య నాలుగడుగుల ఫుట్‌పాత్. అయినా అందరూ నవ్వుకుంటూ ముందుకు జరిగేవాళ్ళు.

నేను ఆయన దగ్గరికి ఇష్టపడి వెళ్ళలేదు. మాది తెనాలి వైపు. పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం పప్పన్నం, రాత్రి పెరుగన్నం, మధ్యలో ఆకలేస్తే పులిహోర. జొన్న అంటే పశువుల మేత అన్నదే నా అభిప్రాయం. అమీర్‌పేటలో పదిహేనేళ్ళుగా కంప్యూటర్ పాఠాలు చెబుతూ, కుర్చీలో కూర్చునే బతుకుతూ, ఆ అన్నమంతా ఒంట్లోనే దాచుకున్నాను. ఒకరోజు పంజగుట్ట డాక్టరుగారు రిపోర్టు చూసి, "షుగరండీ" అన్నారు. రోజుకొక మాత్ర రాశారు. తెల్లన్నం తగ్గించి జొన్న, కొర్ర, రాగి లాంటివి తినమన్నారు. మా ఆవిడ ఉత్సాహంగా జొన్నపిండి కొని రొట్టె చెయ్యబోయింది. మొదటి రొట్టె నాలుగు ముక్కలయింది. రెండోది పెనం మీదికి చేరనే లేదు. మూడో రోజున పిండి డబ్బా అటక మీదికి చేరింది. ఇక గతిలేక బండి దగ్గరికి వెళ్ళాను.

"ఏంటండీ, మెత్తగా ఉంటుందా ఇది?" అని అడిగాను.

ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "యేడ దిగుతరు సార్?"

"అంటే?"

"ఇల్లు యేడ?"

"శ్రీనగర్ కాలనీ."

"శ్రీనగర్ కాలనీకి రెండు!" అని కేకేశాడు. ఎవరికి చెప్పాడో తెలియలేదు, రొట్టెలు చేసేది ఆయనే కదా. ఆ రోజునుంచి నా పేరు శ్రీనగర్ కాలనీ. నా పక్కన తినే బ్యాంకు మేడం పేరు ఎస్సార్ నగర్. నా స్టూడెంట్ ఒకడు మధురానగర్. మాకెవరికీ ఆయన పేరు తెలియదు, ఆయనకు మా పేర్లు అక్కర్లేదు.

ఇక మెత్తదనం సంగతి. "మైదా కలుపుతే మెత్తగైతది," అన్నాడు. "మెత్తగ కావాలంటే బేకరీకి పోయి కేకు తినుండ్రి. గిది నమలాలె. మింగిన్రనుకో, కడుపు దీన్ని సుత బియ్యమే అనుకుంటది."

నమిలాను. మొదటి రోజు అట్టముక్క నమిలినట్టే ఉంది. నాలుగో రోజుకి ఎల్లిపాయ కారం అంటించుకుని తింటుంటే, చివర్లో ఒక తియ్యదనం తగిలింది. గింజలోంచి వచ్చే తీపి. ఆ సంగతి చెబితే ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. "అది ఎప్పటినుంచో గాడనే ఉన్నది సార్, మీరే ఇప్పుడొచ్చిన్రు," అన్నాడు.

నేనూ ఊరుకునేవాణ్ణి కాదు. "మా తాత మూడు పూటలా అన్నమే తిన్నాడండీ. ఎనభై ఏళ్ళు బతికాడు," అన్నాను ఒకసారి.

"మీ తాత దంపుడు బియ్యం తిన్నడు, పొద్దంత పొలంల నడిచిండు. మీరు రెండో అంతస్తుకు లిఫ్టుల పోతరు. నేను చూస్తలేనా గీడికెళ్ళి?"

మా ఇన్‌స్టిట్యూట్ లిఫ్టు తలుపు సరిగ్గా ఆయన బండికి ఎదురుగా ఉందని అప్పుడే గమనించాను. మర్నాటినుంచి మెట్లెక్కడం మొదలుపెట్టాను. ఎక్కేముందు ఒకసారి వెనక్కి తిరిగి, ఆయన చూశాడో లేదో చూసుకునేవాణ్ణి.

బండి పక్కన ఆ ప్లాస్టిక్ కుర్చీలో ఆయన భార్య కూర్చునేది. పక్షవాతం వచ్చిన మనిషి. కుడిచెయ్యి కొంగు కింద ఒళ్ళో పడి ఉండేది. నోరు కొంచెం ఒక పక్కకు లాగినట్టుండేది. కళ్ళు మాత్రం క్షణం కూడా ఆయన చేతుల మీదినుంచి కదిలేవి కావు. మాటలు తక్కువ, ఒక్కో ఆర్డరు ఒక్కో ముక్క. "నీళ్ళు," అనేది. మరిగే నీళ్ళు పిండిలో పోసేవాడు. "అంచు," అనేది. అంచు మందంగా ఉందన్నమాట, చేత్తో తట్టి పల్చన చేసేవాడు. "తిప్పు," అనేది. తిప్పేవాడు. ప్రతిదానికీ "రైట్!" అనడమే తప్ప ఎదురు చెప్పింది లేదు. పిండి బల్కంపేట గిర్నీలో పట్టించుకొచ్చాక, ఆమె ఎడమచేత్తో చిటికెడు తీసి వాసన చూసి తల ఊపితేగానీ డబ్బా మూత పెట్టేవాడు కాదు. రొట్టెలు తట్టే చేతులు ఆయనవి, విద్య ఆమెది. ఇది అక్కడ తినేవాళ్ళందరికీ తెలుసు.

బండి ఎందుకు పెట్టారో టీకొట్టు భాయ్ చెప్పాడు. జబ్బు చేశాక ఆమెకు మాట పడిపోయింది. ఇంట్లో గోడలు చూస్తూ పడుకుంటే మాట రాదు, నలుగురు మనుషుల్లో ఉంటే వస్తుందని ఈయన పట్టుబట్టి బండి పెట్టాడు. రోజూ ఆటోలో తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టేవాడు. మూడో నెలలో ఒక సాయంత్రం ఆయన ఎవరితోనో మాట్లాడుతూ పెనం సంగతి మర్చిపోతే, కుర్చీలోంచి వినిపించిందట, "మాడింది!" అని. ఆ రోజు తిన్నవాళ్ళందరికీ భాయ్ చేత టీ ఇప్పించాడట కండక్టర్.

నాకు మూడు నెలల్లో షుగరు బాగా తగ్గింది. నడుముకు బెల్టు రెండు రంధ్రాలు లోపలికి జరిగింది. డాక్టరుగారు సంతోషించి, ఇలాగే కొనసాగించమన్నారు. కొనసాగించమన్నది తిండినీ, మాత్రనీ కూడా. నేను తెలివైనవాణ్ణి కదా, తిండి మాత్రం కొనసాగించి మాత్ర మానేశాను. ఇంట్లో చెప్పలేదు. నెల గడిచింది. ఏమీ కాలేదు. కొంచెం దాహం ఎక్కువేస్తోంది, అంతే. అది ఎండల వల్ల అనుకున్నాను.

ఒక సాయంత్రం ప్లేటు చేతిలో పట్టుకుని, పదిమందీ వినేలా చెప్పాను. "కండక్టర్ గారూ, మీ రొట్టె పుణ్యమా అని మాత్ర కూడా మానేశానండీ. నెల దాటింది!"

మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన చేతులు పిండిలో ఆగిపోయాయి.

"తిప్పు," అంది ఆమె. ఆయన తిప్పలేదు. "తిప్పు!" అంది మళ్ళీ. పెనం మీద రొట్టె పొగలొచ్చి నల్లబడింది. ఆయన పొయ్యి ఆర్పేశాడు.

"డాక్టర్ మానెయ్యమన్నడా సార్?"

"లేదండీ. నాకే అనిపించింది. బాగానే ఉన్నాగా."

"మీకే అనిపిచ్చింది."

నా చేతిలోంచి ప్లేటు తీసుకున్నాడు. ఇంకా ఒకటిన్నర రొట్టె ఉంది అందులో. "దిగుండ్రి సార్," అన్నాడు.

"ఏంటీ?"

"నా బండి దిగుండ్రి."

నా స్టూడెంట్లు ముగ్గురు అక్కడే ఉన్నారు. బ్యాంకు మేడం నమలడం ఆపేసి చూస్తోంది. ముఖం మండిపోయింది నాకు. చెయ్యైనా కడుక్కోకుండా వచ్చేశాను. ఇంకెప్పుడూ ఆ ఛాయలకు వెళ్ళకూడదని మెట్రో పిల్లరు దాకా నడిచేలోపే ఒట్టు పెట్టుకున్నాను. వెనకనుంచి చెప్పుల చప్పుడు. బండి వదిలేసి, చేతులకు పిండితోనే వచ్చేశాడాయన.

"శ్రీనగర్ కాలనీ సార్! జర ఆగుండ్రి."

ఆగాను. ఆయన ఆయాసం తీర్చుకున్నాడు. నా వైపు చూడకుండా రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు.

"మా ఇంటామెకు బీపీ ఉండె సార్. డాక్టర్ గోళీలు రాసిచ్చిండు. ఏడాది మంచిగ ఏసుకున్నది. నేనే అన్న. నువ్వు జొన్నరొట్టె తింటవ్, ఆకుకూర తింటవ్, నూనె ముట్టవ్, నీకు గోళీలెందుకే, గవి పట్నపోళ్ళ రోగాలు, అని. నేనే అన్న సార్. నా మాట ఇన్నది. నాలుగు నెలలైనంక ఒకదినం పొద్దుగాల నా డబ్బా కొరకు రొట్టె కొడుతున్నది. చెయ్యి అట్లనే పిండిల ఆగిపోయింది. నేను ఎనకకెళ్ళి లొల్లి చేస్తున్న, ఎంత సేపే, ఫస్ట్ ట్రిప్పుకు లేటయితున్నదని. తిరిగి చూస్తలేదు. ఎదురుంగ పోయి చూస్తే నోరు ఒంకరైంది."

పైన పట్టాల మీద ఒక మెట్రో రైలు వెళ్ళింది. అది పోయేదాకా ఆగి, నెమ్మదిగా అన్నాడు. "రొట్టె డ్యూటీ రొట్టె చేస్తది. గోళీ డ్యూటీ గోళీ చేస్తది. ఒగదాని డ్యూటీ ఇంకోటి చెయ్యదు సార్. మీరు రేపు పొద్దుగాల్నే డాక్టర్ దగ్గరికి పోవాలె. పోయినంకనే నా దగ్గరికి రావాలె."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. మర్నాడు పరీక్ష చేయించుకుంటే షుగరు మొదటి రోజుల్లో ఉన్న చోటికే వచ్చి కూర్చుంది. డాక్టరుగారు తిట్టాల్సినంతా తిట్టారు. "తిండి మార్చారు కాబట్టి తగ్గింది. మాత్ర మానేశారు కాబట్టి పెరిగింది. ఇందులో కష్టమైన లెక్కేమీ లేదండీ, మీరు పిల్లలకు పాఠాలు చెబుతారట కదా," అన్నారు. తలొంచుకుని విన్నాను.

రెండు రోజుల తర్వాత బండి దగ్గరికి వెళ్ళి, జనం వెనకాల నిలబడ్డాను. ఆయన చూశాడు. చెయ్యి చాపాడు.

"టికెట్?"

ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక జేబులోంచి మాత్రల పట్టీ తీసి ఇచ్చాను. అటు తిప్పి ఇటు తిప్పి, ఎన్ని గూళ్ళు చిరిగాయో చూసి, తారీఖు అడిగి, చెకింగ్ ఇన్‌స్పెక్టరులా ముఖం పెట్టి తిరిగిచ్చాడు. "రైట్! శ్రీనగర్ కాలనీకి రెండు!"

అది నాతో ఆగలేదు. బ్యాంకు మేడంకి థైరాయిడ్ ఉందని తెలిసింది, ఆవిడా టికెట్ చూపించాల్సి వచ్చింది. టీకొట్టు భాయ్‌కి బీపీ ఉందని ఆయన బేగమ్ వచ్చి ఫిర్యాదు చేసింది, అప్పటినుంచి భాయ్ రోజూ టీ గ్లాసుతో పాటు పట్టీ కూడా పట్టుకొచ్చేవాడు. కొన్నాళ్ళకు ఆ ఫుట్‌పాత్ మీద సాయంత్రం పూట నడివయసు వాళ్ళందరూ మాత్రల పట్టీలు పైకెత్తి పట్టుకుని వరుసలో నిలబడేవారు. కొత్తగా వచ్చిన హాస్టలు పిల్లల్లో అది చూసి, ఈ బండి దగ్గర రొట్టె తింటే మాత్రలు వేసుకోవాల్సి వస్తుందేమోనని భయపడి వెనక్కి వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. ఆయన వాళ్ళను కేకేసి పిలిచి, "మీకు పాస్ ఉన్నది, ఎక్కుండ్రి," అనేవాడు.

ఒకసారి ఒక అమ్మాయి ఫోను, చిన్న మైకు పట్టుకుని వీడియో తియ్యడానికి వచ్చింది. చక్కగా నవ్వుతూ అడిగింది. "అంకుల్, మీ జొన్నరొట్టె తింటే ఏం పోతుందో మా వ్యూయర్స్‌కి చెప్పండి."

"ఆకలి పోతది బిడ్డా."

"అది కాదంకుల్. షుగర్ పోతుంది, బీపీ పోతుంది అంటారు కదా. అది చెప్పండి."

"గది డాక్టర్ చెప్తడు. నేను కండక్టర్‌ని."

"సరే, మళ్ళీ తీద్దాం. తింటే ఏమవుతుంది?"

"కడుపు నిండుతది. తెల్లారి మంచిగ లేస్తవు. పండ్లు గట్టిగుంటయ్. నువ్వు ముందుగాల తిను, ఫోను గాడ వెట్టు."

మూడుసార్లు తీసింది. మూడుసార్లూ ఆకలే పోయింది. కుర్చీలో ఆమె నవ్వడం మొదలుపెట్టింది. ఒక పక్కకు లాగిన నోటితో, భుజాలు ఊగేలా నవ్వింది. ఆమె నవ్వగా చూడటం మాకందరికీ అదే మొదటిసారి. కండక్టర్ ఫోనునీ అమ్మాయినీ వదిలేసి, చేతిలో ముద్ద చేతిలోనే ఉండగా ఆమె వైపు చూస్తూ నిలబడిపోయాడు. ఆ వీడియో ఎక్కడా వచ్చినట్టు లేదు. ఆ అమ్మాయి మాత్రం ఫోను సంచిలో పెట్టేసి మూడు రొట్టెలు తింది.

చావు కబురు తెలిసిన వారానికి, భాయ్ వెంట వాళ్ళింటికి వెళ్ళాను. బల్కంపేటలో ఎల్లమ్మ గుడి వెనక సందులో, మేడ మీద రెండు గదులు. గోడకు ఆయన ఫోటో, దండ. ఫోటో కింద పేరు రాసి ఉంది. ఆ పేరుతో ఆయన్ని నేనెప్పుడూ పిలవలేదు కాబట్టి ఇక్కడా రాయను. వాళ్ళ కూతురు పరామర్శకు వచ్చినవాళ్ళకు టీ ఇస్తోంది. ఆయన భార్య మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. నన్ను చూసి "రా సారూ," అంది. బండి దగ్గర కూర్చుని కూర్చుని మాట ఇప్పుడు చాలావరకు బాగుపడింది, కొంచెం నిదానం, అంతే.

ఇలాంటప్పుడు ఏం మాట్లాడాలో నాకెప్పుడూ తెలియదు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "ఆయన చేతి రొట్టె మర్చిపోలేమమ్మా," అన్నాను.

ఆమె ఒప్పుకోలేదు. "ఆయన చెయ్యేంది? నేను మంచాన పడేదాక ఆయన ఎన్నడు పొయ్యి దిక్కు రాలె. ముప్పై ఏండ్లు డబ్బా కట్టిచ్చిన. డ్రైవర్లు కొట్లాడుకుని తింటుండిరంట నా రొట్టె. ఈయన మాత్రం ఒక్కనాడు మంచిగున్నది అనలె. ఖాళీ డబ్బా తెచ్చి గాడ వెడుతుండె, అంతే."

కూతురు నీళ్ళిచ్చింది. రెండు గుక్కలు తాగి మళ్ళీ మొదలుపెట్టింది.

"దవాఖానకెళ్ళి ఇంటికొచ్చిన తెల్లారి, రొట్టె నేను చేస్త నువ్వు పండుకో అన్నడు. నాకప్పుడు మాట లేదు. మంచం మీదికెళ్ళి ఎడమచెయ్యితోని సైగ చేస్తున్న, ఆయన చేస్తుండు. ఉడుకు నీళ్ళల్ల చెయ్యి వెట్టి ఎగిరిండు. మూడు ఇరిగిపోయినయ్. నాలుగోది ఎట్లనో పెనం మీద వడ్డది. గుండ్రంగ లేదు, ఉడకలె సుత. సగం నాకు తినిపిచ్చిండు, సగం ఆయన తిన్నడు. తినుకుంట తినుకుంట ఆగిండు. ఏందీ అని చూస్తున్న. చేతి ఏళ్ళకు బొబ్బలు లేసినయ్, అవి చూసుకుంటుండు. చూసి చూసి అన్నడు, గిన్నేండ్లు చెప్పలే గాని, నీ రొట్టె మస్తుంటుండెనే, అని."

భాయ్ కిటికీ వైపు తిరిగాడు.

"మీరేమన్నారమ్మా?" అని అడిగాను.

"ఏమంట సారూ? బదులు చెప్పనీకి నాకు నోరు రాకపాయె," అంది. ఎడమచేత్తో కొంగు లాక్కుని నోటికి అడ్డం పెట్టుకుంది. "మాటొచ్చినంకనేమో, సిగ్గాయె."